మూడు ఫోటోలు కలపడానికి ఏది కొనాలి?

ప్రశ్న: తలకోన జలపాతం తీస్తే ఆకాశం తెల్లగా పోతోంది, ఆకాశం కుదిరితే చెట్లు నల్లబడుతున్నాయి. హెచ్‌డీఆర్ (ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వెలుతురుతో తీసి ఆ ఫోటోలను ఒకటిగా కలపడం) చేయమంటున్నారు. దానికి ఫోటోమాటిక్స్ సాఫ్ట్‌వేర్ కొనాలా, ఉచితంగా దొరికేవి చాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ దగ్గర ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ఉందేమో చూసుకోండి, 2015 నుంచి అందులోనే ఫోటోలు కలిపే సౌకర్యం ఉంది, రంగులు కూడా తిరునాళ్ల సీరియల్ లైట్లలా మారిపోకుండా సహజంగా వస్తాయి. అది లేకపోతే ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ ఉచితం, కాకపోతే అందులోని స్లైడర్లు చూస్తే మొదట్లో తల తిరుగుతుంది.

చంద్రగిరి రాజమహల్ లాంటి కట్టడానికైతే ఏదైనా సరిపోతుంది, కదిలేదేమీ లేదు కదా. తలకోనతోనే చిక్కు. నీళ్లూ ఆకులూ ఒక్కో ఫోటోలో ఒక్కో చోట ఉంటాయి, కలిపితే అంచులు చెదిరి జంటగా కనిపిస్తాయి, దీన్నే ఘోస్టింగ్ అంటారు. ఫోటోమాటిక్స్‌లో ఆ భాగం చుట్టూ గీసి, దాన్ని ఏ ఫోటో నుంచి తీసుకోవాలో మనమే చెప్పొచ్చు, నా లెక్కలో దానికి డబ్బు పెట్టడానికి ఇదొక్కటే గట్టి కారణం. ట్రయల్ వెర్షన్ ఫోటో మీద వాటర్‌మార్క్ వేస్తుంది, పరీక్షించడానికి అది చాలు.

ట్రైపాడ్ తప్పనిసరి. ఒక్కో ఫోటోకి అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) కదిలించకుండా షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) మాత్రమే మార్చండి.