ఆటల గోల: మూడు వారాలుగా అదే బాస్

ప్రశ్న: ఆన్‌లైన్ గేమ్‌లో మా గిల్డ్‌లో (కలిసి ఆడే జట్టు) పది మందిమి, వారానికి రెండు రాత్రులు రైడ్ (అందరం కలిసి పెద్ద శత్రువుల మీదికి వెళ్లే దండయాత్ర) చేస్తాం. మూడు వారాలుగా ఒకే బాస్ (అలాంటి పెద్ద శత్రువు) దగ్గర ఆగిపోయాం. దాని హెల్త్ పది శాతంలోకి వచ్చేసరికి ఎవరో ఒకరు కంగారుపడి తప్పు చోట నిలబడతారు, అందరం పోతాం. గేమ్ కంపెనీ దీన్ని కాస్త నెర్ఫ్ చేస్తే (తేలిక చేస్తే) బాగుండునని నేనన్నాను. మా లీడర్‌కి ఒళ్లు మండి "చేతకాకపోతే మానెయ్" అన్నాడు. ఎవరిది తప్పు?

జవాబు: మీ లీడర్ అలా అనకుండా ఉండాల్సింది. కానీ బాస్ విషయంలో నేను సగానికి పైగా అతని వైపే. పది శాతం దాకా తెచ్చారంటే మీ డ్యామేజ్ (కొట్టే దెబ్బ), మీ హీలింగ్ (గాయాలు మాన్పడం), మీ గేర్ (ఆయుధాలు, కవచాలు) అన్నీ సరిపోతున్నాయి, ఇక మిగిలింది ఆ ఆఖరి నిమిషం టెన్షన్ ఒక్కటే. ఇప్పుడు కంపెనీ వాళ్లు అంకెలు తగ్గిస్తే మీరు గెలుస్తారు, కాదనను. నాకు ఒకసారి అదే జరిగింది. నెల రోజులు ఒక బాస్‌తో కొట్టుకున్నాం, ఒకరోజు లాగిన్ అయ్యేసరికి ప్యాచ్ (కంపెనీ గేమ్‌లో చేసే మార్పు) వచ్చి దాని హెల్త్ బాగా కోసేశారు, మొదటి ప్రయత్నంలోనే పడిపోయింది. వాయిస్ చాట్‌లో ఎవరూ కేక పెట్టలేదు. కాసేపటికి ఎవరో "సరే, లూట్ చూడండి" అన్నారు, అంతే.

అసలు కష్టం అని మనం ఒకే మాట అంటాం గానీ అందులో రకాలున్నాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్‌లో నక్స్‌రామస్ అనే రైడ్ ఉంది, అందులో హైగన్ అని ఒక బాస్. ఆ గది నేలను నాలుగు భాగాలుగా అనుకోండి, ఒక్క భాగం తప్ప మిగతా నేలంతా బుసబుసమని పైకి ఎగజిమ్ముతుంది, ఆ ఒక్క క్షేమమైన చోటు ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ మూడు, రెండు, ఒకటి అని జరుగుతూ ఉంటుంది, దాంతో పాటు మీరూ పరుగెత్తాలి. దీన్ని అందరూ డాన్స్ అంటారు. ఎంత గొప్ప కవచం వేసుకున్నా అడుగు తప్పితే పోయినట్టే, పోయినవాడు నేలమీద పడుకుని మిగతావాళ్ల డాన్స్ చూడాల్సిందే. మొదటిరోజు ఏడిపించే ఈ బాస్ నాలుగో వారానికి నవ్వులాట అయిపోతుంది, బాస్ మారలేదు, మీ కాళ్లు మారాయి. ఇలాంటి కష్టాన్ని ఎవరూ ముట్టుకోకూడదని నా పట్టుదల. మీ బాస్ కూడా ఈ జాతిదేలా ఉంది.

అంకెల కష్టం వేరు. ఎంత బాగా ఆడినా డ్యామేజ్ చాలకపోవడం, గేర్ కోసం నెలల తరబడి అదే పని చేయడం, ఇందులో నేర్చుకునేదేమీ లేదు. దీన్ని కాలం గడిచేకొద్దీ సడలిస్తే నాకు అభ్యంతరం లేదు. అదే గేమ్‌లో 2010లో ఐస్‌క్రౌన్ సిటడెల్ రైడ్‌కి చేసింది ఇదే: ఆటగాళ్ల హెల్త్, డ్యామేజ్, హీలింగ్‌లకు ముందు 5 శాతం, తర్వాత విడతలవారీగా పెంచుతూ 30 శాతం దాకా అదనపు బలం ఇచ్చారు. ముందు దూసుకెళ్లినవాళ్లు ఆ బలం లేకుండానే గెలిచి మురిసిపోయారు, వెనక వచ్చినవాళ్లు చివరి బాస్‌ని చూశారు. వద్దనుకున్నవాళ్లు దాన్ని ఆపేసుకునే వీలు కూడా ఉండేది. ఇంతకంటే పెద్దమనిషి తరహా నెర్ఫ్ నేను చూడలేదు.

కాబట్టి ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి. లీడర్‌కి ఒక మాట చెప్పండి: రాత్రికి పదిహేనుసార్లు మొదటినుంచి కొట్టడం కాదు, ఆఖరి పది శాతంలో ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే పంచి పెట్టమనండి.

ప్రశ్న: ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రి గంటసేపు ఖాళీ దొరికితే అదే పండగ. గేమ్‌కి నేనూ అందరిలాగే డబ్బు కట్టాను. కథ ముగింపు మాత్రం నలభై మందిని కూడగట్టగలిగినవాళ్లకేనా? ఈజీ మోడ్ పెడితే మీలాంటివాళ్లకి వచ్చే నష్టమేమిటి?

జవాబు: నష్టమేమీ లేదు, పెట్టాలి. ఇందాక ఇచ్చిన జవాబు చూసి నన్ను తిట్టుకోకండి, మీది వేరే సమస్య. పైన చెప్పిన నక్స్‌రామస్ 2006లో మొదట వచ్చినప్పుడు నలభై మంది కావాల్సి వచ్చేది, చాలా కొద్దిమందే దాన్ని చివరిదాకా చూశారు. అంత పని చేసి కట్టిన చోటు ఖాళీగా పడి ఉంటే కట్టినవాళ్లకైనా బాధ కదా, 2008 నవంబర్‌లో అదే రైడ్‌ని పది మందికి, ఇరవై ఐదు మందికి సరిపోయేలా మార్చి మళ్లీ తెచ్చారు. చాలామంది హైగన్ డాన్స్ నేర్చుకున్నది అప్పుడే.

నిజానికి రైడ్‌లో అన్నిటికంటే కష్టమైన బాస్ క్యాలెండర్. డెస్టినీ అనే తుపాకుల గేమ్‌లో 2014లో వచ్చిన తొలి రైడ్‌కి ఆరుగురు చాలు, కానీ ఆ ఆరుగురిని గేమ్ వెతికిపెట్టేది కాదు, మీరే పోగుచేసుకోవాల్సి వచ్చేది. ఫైరింగ్ బాగా వచ్చి, స్నేహితులు లేనివాడు గుమ్మం బయటే ఉండిపోయాడు. ఈ గుమ్మం ఎత్తు ఎంత తగ్గించినా తప్పులేదు.

అయితే తగ్గించే పద్ధతిలో ఒక తిరకాసుంది. వార్‌క్రాఫ్ట్‌లో 2011 చివర్లో రైడ్ ఫైండర్ అని పెట్టారు, బటన్ నొక్కితే ముక్కూమొహం తెలియని ఇరవై ఐదు మందిని కలిపి లోపలికి పంపుతుంది. తర్వాత, ఓడిపోయిన ప్రతిసారీ గుంపుకి కొంత బలం పెరిగే ఏర్పాటు కూడా చేశారు. మీలాంటివాళ్లకి వరమే. కానీ నేను వెళ్లిన చాలా రైడ్లలో ఎవరూ నమస్కారం కూడా పెట్టుకోలేదు, ఒకరు తప్పుచేస్తే చెప్పరు, ఓటేసి బయటికి గెంటేస్తారు. తేలిక చేసినప్పుడు పక్కవాడి అవసరం కూడా తీసేస్తే అది గుంపు ఆట కాదు, ఒకే గదిలో ఇరవై ఐదు ఒంటరి ఆటలు. నాకు నచ్చిన దారి ఫైనల్ ఫాంటసీ 14 అనే గేమ్‌ది: రైడ్ల కథంతా మామూలు రకంలోనే అయిపోతుంది, శావేజ్, అల్టిమేట్ అనే కఠినమైన రకాలు ఎనిమిది మంది కూర్చుని తలలు పగలగొట్టుకోవాలనుకునేవాళ్లకి వేరేగా ఉంటాయి. మీకు ముగింపు దక్కుతుంది, వాళ్లకి పొగరు దక్కుతుంది.

ప్రశ్న: నేను హీలర్‌ని. ఎవరు చచ్చినా తిట్లు నాకే. గేమ్ తేలికైతే ఈ తిట్లు తప్పుతాయని ఆశ. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను, తప్పు నాదేనా చెప్పండి.

జవాబు: తిట్లు తప్పవు. 2010 డిసెంబర్‌లో వార్‌క్రాఫ్ట్ కొత్త భాగం వచ్చినప్పుడు హీలర్ల మానా (మంత్రశక్తి) త్వరగా అయిపోయేలా చేసి, అయిదుగురి డంజన్లు (చిన్న రైడ్ల లాంటివి) బాగా కష్టం చేశారు, అప్పుడూ తిట్లు హీలర్లకే. కొన్ని నెలలకి వాటిని సడలించారు, అప్పుడు "ఇంత తేలికైనదాంట్లో కూడా చంపేశావా" అని తిట్టారు.

మీ స్క్రీన్‌షాట్‌లో కంబాట్ లాగ్ (ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో గేమ్ రాసే చిట్టా) చూశాను. పోయినవాడి పేరు పక్కన నేలమీది నిప్పు వల్ల దెబ్బ ఆరుసార్లు వరుసగా పడింది, సెకనుకొకటి. మీరు ఆ ఆరు సెకన్లలో మూడు హీల్స్ వేశారు. ఆ వరుసలు కత్తిరించి గిల్డ్ చాట్‌లో పెట్టండి, పక్కన ఏమీ రాయకండి.