"నర్సింగ్ ఎందుకు?" అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

ఈ వృత్తి ఎందుకు, ఇందులో ఎలా ఎదగాలనుకుంటున్నారు అని అడిగితే "సేవ చేయాలని" తప్ప మీకు ఇంకేమీ తోచడం లేదన్నారు. 12 ఏళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్నదాన్ని, నా సంగతి చెబుతాను.

సేవ అన్న మాట వెనక మీకు మాత్రమే తెలిసిన ఒక మనిషో, ఒక రోజో ఉండి ఉంటుంది. అది చెప్పండి. నాకైతే మా నాయనమ్మ. తుంటి ఎముక విరిగి మంచాన పడితే ఇంటిల్లిపాదీ ఎంతో ప్రేమగా చూసుకున్నాం. అయినా నడుము కింద బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండు, పడింది. కట్టు మార్చడానికి వచ్చిన నర్సు, రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు ఎలా పెట్టాలో నా చేతులు పట్టుకుని నేర్పింది. బరువంతా ఒకేచోట పడితే అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుందట. మా ప్రేమకు లోటు లేదు, ఈ ఒక్క సంగతే మాకు తెలియలేదు. ఆ నర్సుకు తెలిసిందంతా నాకూ తెలియాలని అప్పుడు గట్టిగా అనిపించింది. ఇన్నేళ్లయినా నా కారణం అదే. జీతం, స్థిరమైన ఉద్యోగం కూడా మీ కారణాల్లో ఉంటే దాచకండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక ఎదుగుదల. కొత్తలో నా లక్ష్యాలన్నీ పదవులే: ఐసీయూ, ఆపైన ఇన్‌చార్జి. రెండో ఏడు ఒక నైట్ డ్యూటీలో ఒకాయన చార్టులో శ్వాస నిమిషానికి 18 అని రాశాను. లెక్కపెట్టలేదు. బీపీ బాగానే ఉంది, నిద్రపోతున్నట్టే ఉన్నాడు, ముందు షిఫ్టువాళ్లూ 18 అనే రాశారు. సీనియర్ సిస్టర్ వచ్చి, ఆయన ఛాతీ మీదే చూపు నిలిపి, గడియారం పట్టుకుని నిమిషం నిలబడింది. 28. వయోజనులకు మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. బీపీ పడిపోయేలోపే శ్వాస వేగం పెరిగి హెచ్చరించడం తరచూ జరిగేదే. వెంటనే డాక్టర్‌ని పిలిచాం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అని తేలింది, మందులు వేళకు పడ్డాయి, ఆయన కోలుకున్నాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నేను రాసిన 18ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టమంది.

ఆ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. ఆ ఏడాదికి నా లక్ష్యం ఒకటే అయింది, ప్రతి రోగి శ్వాసనూ నిమిషం నిండా లెక్కపెట్టడం. మరుసటి ఏడు, డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు తడబడకుండా ఎస్‌బార్ (SBAR) పద్ధతిలో, నాలుగు ముక్కల్లో వరుసగా చెప్పడం: ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఆ చివరి ముక్క నోరు తెరిచి అడగడానికి నాకు చాలా నెలలు పట్టింది. తర్వాత జూనియర్లకు నేర్పడం. ఇన్‌చార్జి పదవీ వచ్చింది, కానీ దానికోసం విడిగా పరుగెత్తలేదు. ఇప్పటికీ సరిగా చేతకానిది, ఇక ఆశ లేదని తెలిసిన రోగి ఇంటివాళ్ల పక్కన కూర్చుని మాట్లాడటం. ఈ ఏడాది నేర్చుకుంటున్నది అదే.

కాబట్టి మీరూ "మంచి నర్సునవుతాను" దగ్గర ఆగకండి. మొదటి ఏడాదిలో చేతికి రావాల్సిన ఒక్క పని ఎంచుకోండి. అది వచ్చిందని మీకెలా తెలుస్తుందో, ఎవరి దగ్గర నేర్చుకుంటారో కూడా చెప్పండి. మీ మనిషి కథతో కలిపి రాసుకుని, పైకి చదివి చూసుకోండి. రెండు నిమిషాలు దాటితే కథ తగ్గించండి, పని సంగతి మాత్రం ఉంచండి.