గ్రహాంతర జీవం ఉందని తేలితే ఆస్తికుడి నమ్మకం ఏమవుతుంది?

గ్రహాంతర జీవం ఉందని రేపు రుజువైతే మతాలు ఏం చెబుతాయి, దేవుణ్ణి నమ్మే మీలాంటివారి నమ్మకం నిలుస్తుందా, అసలు అలాంటి జీవం ఉందంటారా అని అడిగారు. నేను ఆస్తికుణ్ణి. దానికి తోడు, చాలా ఏళ్లుగా మబ్బు లేని రాత్రుల్లో ఒక చిన్న టెలిస్కోపు నిలబెట్టి, వచ్చినవారందరికీ ఆకాశం చూపిస్తూ ఉంటాను. అందువల్ల ఈ ప్రశ్న అటు భక్తుల నుంచీ ఇటు నాస్తిక మిత్రుల నుంచీ నాకు ఎదురవుతూనే ఉంటుంది. నా నమ్మకానికి ఇబ్బంది ఏమీ లేదన్నది నా సమాధానం. అయితే అందుకు కారణంగా చాలామంది చెప్పే మాట, అంటే ‘ఇదంతా మన గ్రంథాల్లో ఎప్పుడో చెప్పారు’ అన్న మాట, నాకు సమ్మతం కాదు. ముందుగా ఆ సంగతి తేల్చుకుని తక్కిన విషయాలకు వస్తాను.

దేవుణ్ణి ‘అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడు’ అని పిలవడానికి అలవాటుపడిన మనకు లోకాలు అనేకమన్న ఊహ కొత్తది కాదు. భాగవతం దశమ స్కంధంలో, ఆవుదూడలను దాచి భంగపడిన బ్రహ్మదేవుడు కృష్ణుణ్ణి స్తుతిస్తూ, తన జానతో ఏడు జానలుండే దేహం గల తానెక్కడ, గవాక్షంలోంచి ధూళి కణాలు వచ్చిపోయినట్టు లెక్కలేనన్ని బ్రహ్మాండాలు ఏ దేవుడి రోమకూపాల్లో సంచరిస్తున్నాయో ఆ నీవెక్కడ అని తల వంచుతాడు. బౌద్ధ సూత్రాల్లో వేయి చంద్రులు, వేయి సూర్యులు గల లోకవ్యవస్థల వర్ణన ఉంది. పాతాళాల కింద పాతాళాలు, ఆకాశాల మీద ఆకాశాలు లక్షలుగా ఉన్నాయని గురునానక్ సిక్కుల ప్రార్థన జపుజీలో అన్నారు. వీటిని చదివినప్పుడు నాకు కలిగే ఆనందం నిజమైనదే.

కానీ ఈ లోకాలు టెలిస్కోపు తిప్పి వెతికే చోట్లు కావు. స్వర్గానికి పుణ్యం వల్ల వెళతారు, పుణ్యం క్షీణించగానే తిరిగి మర్త్యలోకానికి వస్తారని గీత తొమ్మిదో అధ్యాయం చెబుతోంది. తపోలోకం ఏ నక్షత్రం చుట్టూ తిరుగుతోందని ఎవరూ అడగరు, అడిగితే నవ్వుతారు. అవి జీవుడి స్థితిని బట్టి ఏర్పడిన మెట్లు. అంగారకుడి మీద ప్రాణి లేదని తేలినంత మాత్రాన ఏ పురాణమూ ఓడిపోయిందని మనం ఒప్పుకోము కదా. అలాంటప్పుడు, వేరొక గ్రహం మీద బాక్టీరియా దొరికిన రోజున అదే పురాణం గెలిచిందని చాటుకోవడం న్యాయం కాదు. ఇక ప్రాచీన విమానాల్లో ఇతర గ్రహాలకు వెళ్లివచ్చారన్న వాదన ఉంది. దానికి ఆధారంగా చూపే వైమానిక శాస్త్రం 20వ శతాబ్దం ఆరంభంలో చెప్పి రాయించిన గ్రంథమనీ, అందులోని విమానాలు ఎగరగలిగేవి కావనీ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 1974లోనే తేల్చారు కనుక దాని మీద ఎక్కువ సమయం ఖర్చు చేయను.

క్రైస్తవంలో ఈ విషయం మీద జరిగిన చర్చ మన దగ్గర జరిగినదానికంటే చాలా పదునైనది, ఎందుకంటే అక్కడ ఇబ్బంది నిజంగా ఉంది. లోకం ఒక్కటే ఉండగలదన్న అరిస్టాటిల్ మాటను మధ్యయుగ పండితులు చాలావరకు అంగీకరించారు. అయితే ఆ మాటను గట్టిగా పట్టుకుంటే దేవుడి శక్తికి హద్దు గీసినట్టవుతుంది కనుక, దేవుడు అనేక లోకాలను సృష్టించలేడు అనడం తప్పని 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే ప్రకటించాడు. ఆ విధంగా తలుపు తెరుచుకోగానే అసలు ప్రశ్న లోపలికి వచ్చింది. ఆదాము చేసిన పాపం భూమి మీది మనుషులకు సంక్రమించింది, క్రీస్తు ఈ భూమి మీద మరణించి దాన్ని తీర్చాడు. మరి ఆదాము సంతతి కానివారి సంగతేమిటి? వారికి పాపమే లేదా? ఉంటే, వారి కోసం క్రీస్తు అక్కడ మళ్లీ పుట్టి మళ్లీ మరణించాలా? 15వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ పండితుడు విలియం ఆఫ్ వోరిలాంగ్ ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొని, ఇక్కడి మరణమే ఎన్ని లోకాలకైనా చాలుతుందని, ఆయన వేరొక లోకానికి వెళ్లి మళ్లీ మరణించడం తగదని తేల్చాడు. 1794లో క్రైస్తవాన్ని విమర్శించిన రచయిత థామస్ పెయిన్ దీన్నే తిరగేసి, అనేక లోకాలను నమ్మేవాడు క్రైస్తవాన్ని నమ్మలేడని, ఆ రెండూ ఒకే బుర్రలో ఇమడవని వాదించాడు. ఈ ఇద్దరి మధ్య కాలంలో, 1600లో రోములో దహనమైన ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనో ఉన్నాడు. ఆయన అనంత లోకాల గురించి మాట్లాడినందుకే ప్రాణం పోగొట్టుకున్నాడని తరచుగా వింటాం గానీ, త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న సిద్ధాంతాన్ని, కాదనడం వంటి నేరాలు కూడా ఆయన మీద మోపారు కాబట్టి ఆ కథ అంత సూటిగా లేదు. 2008లో వాటికన్ ఖగోళ పరిశోధనశాల సంచాలకుడు ఫాదర్ హోసే గాబ్రియేల్ ఫ్యూనెస్, గ్రహాంతర జీవుల్ని ఊహించడం విశ్వాసానికి విరుద్ధం కాదని, మనిషి తోటి ప్రాణుల్ని సోదరులుగా పిలిచినట్టే వారినీ పిలవవచ్చని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. పెయిన్ వేసిన ప్రశ్నకు అది పూర్తి సమాధానం కాకపోయినా, ఆ స్థానంలో ఉన్న వ్యక్తి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ఇస్లాంలో ఇంత గుంజాటన కనిపించదు. ఆకాశాలను, భూమిని సృష్టించడమూ, ఆ రెండింటిలోనూ జీవుల్ని వ్యాపింపజేయడమూ దేవుడి సూచనల్లోవని ఖురాన్ 42వ అధ్యాయం 29వ వాక్యం అంటుంది. అందులోని జీవులు దేవదూతలా, భౌతిక ప్రాణులా అన్నదాని మీద వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయంతో లేరు. దేవుడు తలచుకుంటే ఈ లోకానికి అవతల వేనవేల లోకాలను సృష్టించగలడని 12వ శతాబ్దంలో పుట్టిన ఇస్లామిక్ పండితుడు ఫఖ్రుద్దీన్ అల్ రాజీ అరిస్టాటిల్ అనుచరులతో వాదించాడు.

మనకు పాపసంక్రమణం, ఏకైక రక్షకుడు అన్న సిద్ధాంతాలు లేవు కనుక ఇబ్బందే లేదని హిందువులు తేలికగా అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న వినేదాకా. ఆ రాత్రి బృహస్పతిని చూపిస్తున్నాను. చిన్న టెలిస్కోపులో ఆ గ్రహం రెండు గోధుమరంగు చారలతో ఒక బిళ్లలా కనిపిస్తుంది, దానికి అటూ ఇటూ ఒకే గీత మీద, 1610లో గెలీలియో గుర్తించిన నాలుగు ఉపగ్రహాలు చుక్కల్లా ఉంటాయి. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి, చూసేవారు కన్ను ఆనించి సర్దుకునే లోపు బొమ్మ అంచుకు జారిపోతుంది. గొట్టాన్ని వేలితో కొద్దిగా నెట్టి మళ్లీ మధ్యకు తేవాలి. అలా నెట్టి, ఆ చుక్కల్లో యూరోపా ఏదో చెప్పి, దాని మంచు పొర కింద మన సముద్రాలన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ నీరు ఉండవచ్చని, అక్కడ ప్రాణానికి వీలుందేమోనని చూడబోతున్నారని వివరించాను. ఆవిడ కన్ను తీయకుండానే, “అక్కడుండే వాటికీ చావు ఉంటుందా బాబూ?” అని అడిగారు. శక్తిని వాడుకుంటూ బతికే ఏ దేహమైనా ఒకనాటికి పాడవక తప్పదమ్మా అన్నాను. “అయితే కర్మ కూడా ఉంటుంది” అని పక్కకు జరిగి, వెనకవారికి చోటు ఇచ్చారు.

ఆ మాటలో ఎంత చిక్కు ఉందో ఆలోచించిన కొద్దీ తెలిసింది. సంప్రదాయం ప్రకారం పశుపక్ష్యాదుల జన్మలు పాత కర్మఫలాన్ని అనుభవించడానికి ఉన్నవి. కొత్త కర్మ చేయగలిగేది, మోక్షానికి ప్రయత్నించగలిగేది మనిషి మాత్రమే. అందుకే మానవజన్మ దుర్లభం అన్నారు. మరి ఆలోచించగల ప్రాణులు కోటి గ్రహాల మీద ఉంటే ఆ దుర్లభత్వం ఏమైనట్టు? వారిది ఎనభై నాలుగు లక్షల యోనుల్లో ఏ లెక్కలోకి వస్తుంది? ఇక్కడ చనిపోయిన జీవుడు అక్కడ పుట్టవచ్చా? నా మటుకు నేను కుదుర్చుకున్న సమాధానం ఏమిటంటే, మానవజన్మ అన్నది రెండు కాళ్లు, రెండు చేతులు ఉన్న ఆకారానికి పెట్టిన పేరు కాదు, ధర్మాధర్మాలను విచారించగల స్థితికి పెట్టిన పేరు. ఆ స్థితి ఏ గ్రహం మీద ఏ దేహంలో కలిగినా అది మానవజన్మే. ఈ వ్యాఖ్యానాన్ని పండితులందరూ ఒప్పుకుంటారని చెప్పను. కానీ వోరిలాంగ్ తన మతంలో ఎదుర్కొన్నంత కష్టమైన ప్రశ్నే మన దగ్గరా ఉందని, దాన్ని ‘కోటి బ్రహ్మాండాలు’ అన్న ఒక్క మాటతో దాటేయలేమని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇక జీవం నిజంగా ఉందా అన్నదాని మీద నా అంచనా అడిగారు కాబట్టి చెబుతాను. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో కనుగొన్నారు. ఇప్పటికి సౌరకుటుంబం వెలుపల ధ్రువపడిన గ్రహాలు 6,000 దాటాయి. కావలసిన ముడిసరుకుకు కూడా లోటు లేదు. బెన్ను అనే గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో, భూమి మీది జీవం ప్రోటీన్లకు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు కాగా, సూక్ష్మజీవుల ఆనవాళ్లు 350 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలోనే ఉన్నాయి. అంటే పరిస్థితులు అనుకూలించాక ప్రాణం పుట్టడానికి మరీ ఎక్కువ కాలం పట్టలేదు. కానీ కంటికి కనిపించే జంతువులు రావడానికి ఆ తరువాత దాదాపు 300 కోట్ల సంవత్సరాలు పట్టింది. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తే, సూక్ష్మజీవులు విశ్వంలో సాధారణమని, ఆలోచించే ప్రాణులు చాలా అరుదని నాకు తోస్తుంది. ఇది ఒకే ఒక్క గ్రహం చరిత్ర మీద ఆధారపడిన ఊహ కాబట్టి దీనికి నేను ఊహకు మించిన విలువ ఇవ్వను. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బి అనే గ్రహం వాతావరణంలో జీవానికి సూచన కాగల వాయువు కనిపించిందని 2025 ఏప్రిల్‌లో వార్తలు వచ్చినప్పుడు నాకు ఎన్నో అభినందనలు అందాయి, నేనే కనిపెట్టినట్టు. అదే సమాచారాన్ని ఇతర బృందాలు మళ్లీ విశ్లేషించి ఆ సంకేతం బలహీనమైనదన్నాక మాత్రం ఎవరూ పలకరించలేదు.

మత విశ్వాసాలు కుప్పకూలుతాయన్న భయానికి వస్తే, టెడ్ పీటర్స్ అనే క్రైస్తవ (లూథరన్ శాఖ) దైవశాస్త్ర పండితుడు దీని మీద 1,300 మందికి పైగా వివిధ మతాలవారిని, ఏ మతమూ లేనివారిని ప్రశ్నించాడు. మతాన్ని పాటించేవారిలో అత్యధికులు తమ నమ్మకానికి ఏమీ కాదన్నారు. మతాలకు సంక్షోభం తప్పదన్న అంచనా మతం లేనివారిలోనే ఎక్కువగా కనిపించింది. నా అనుభవమూ ఇదే. గ్రహాంతర జీవుల మాట విని కలవరపడిన భక్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అయితే, ఏమీ కాదని వెంటనే చెప్పేవారిలో చాలామంది ఆ ప్రశ్నను కాసేపైనా మనసులో నిలుపుకోలేదన్న అనుమానం నాకు ఉంది. నాసా వారి యూరోపా క్లిప్పర్ అంతరిక్ష నౌక 2024 అక్టోబర్‌లో బయలుదేరింది, 2030లో బృహస్పతిని చేరుతుంది. అక్కడ ప్రాణానికి అనువైన పరిస్థితులు ఉన్నాయో లేదో పరిశీలిస్తుంది. అక్కడి నీటిలో సూక్ష్మజీవులు ఉన్నాయని ఎప్పటికైనా తేలితే నేను పండగ చేసుకుంటాను గానీ, దాని వల్ల నా పూజలో మార్పు ఏదీ రాదు.

నా నమ్మకాన్ని నిజంగా పరీక్షించగలిగేది వేరే ఉంది. దైవం కోసం తపించడం మనిషి మెదడుకు పట్టిన ఒక ప్రత్యేకమైన అలవాటు కాదని, చైతన్యం ఒక స్థాయికి ఎదిగిన ప్రతిచోటా ఏదో ఒక రూపంలో అది తలెత్తుతుందని నేను నమ్ముతున్నాను. మనకంటే ఎంతో ముందున్న నాగరికత ఒకటి ఉండి, వారికి గణితం, సంగీతం, చనిపోయినవారి కోసం దుఃఖం అన్నీ ఉండి, తమకంటే గొప్పదానికి చేతులు జోడించాలన్న భావన మాత్రం ఏనాడూ కలగలేదని తెలిస్తే, నేను మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వస్తుంది. వారు ఒకప్పుడు నమ్మి తరువాత వదిలేశారని తెలిస్తే అంత ఇబ్బంది ఉండదు, అటువంటి వారు మన మధ్యనే ఉన్నారు. అసలు ఆ తలంపే రాని మేధ ఉండటం సాధ్యమైతే అప్పుడు నా వాదన పునాది కదులుతుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో, గ్రహాంతరవాసులెవరికైనా దొరకవచ్చని పంపిన బంగారు పూత రికార్డుల్లో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు కూడా ఉంది. కానీ వాయేజర్ మరో నక్షత్రం దరిదాపులకు వెళ్లడానికే సుమారు 40,000 సంవత్సరాలు పడుతుంది కనుక, మీరు దేవుణ్ణి నమ్ముతారా అని అక్కడివారిని అడిగి జవాబు వినే అవకాశం నాకు గానీ, నాతో వాదించే నాస్తిక మిత్రులకు గానీ లేదు. ఈ విషయంలో ఆ మిత్రుల అంచనా నా అంచనాకు పూర్తిగా విరుద్ధం; దైవమన్న తలంపే రాని మేధే విశ్వంలో ఎక్కువగా ఉంటుందని, మనమే మినహాయింపు అని వారంటారు.