400 రూపాయల గ్రీన్ లేజర్ పాయింటర్ కొనొచ్చా? దాని మీద రాసిన 5 మిల్లీవాట్లు నిజమేనా?

అడిగినవారికి ఎనిమిదో తరగతి చదివే కొడుకున్నాడట. డాబా మీద నక్షత్రాలు చూపించడానికి ఆన్‌లైన్‌లో ఒక గ్రీన్ లేజర్ చూశారట. స్టిక్కర్ మీద ఉన్న 5 మిల్లీవాట్లను నమ్మొచ్చా, నిజం పవర్ ఎంతో ఎలా తెలుస్తుంది అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. నమ్మకండి, అది కొనకండి, ఎరుపుది కొనండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నాకు జరిగింది చెప్పాలి.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మూడేళ్ళ కిందట హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి, మీరు అనుకున్నలాంటి లేజరే కొన్నాను. 350 చెప్పాడు, 300కి ఇచ్చాడు. నల్లటి లోహపు గొట్టం, చేతిలో టార్చిలైటంత బరువు. వెనకాల చిన్న తాళంచెవి పెట్టి తిప్పితే గానీ వెలగదు. పసుపు స్టిక్కర్ మీద 532 నానోమీటర్లు అనీ (వెలుగు తరంగం పొడవు అది, రంగుని చెప్పే అంకె), 5 మిల్లీవాట్ల లోపు అనీ ఉంది. ఆ వారమే పిల్లల్ని రాత్రిపూట స్కూలు గ్రౌండ్‌కి రమ్మన్నాను. కృత్తికలు ఎక్కడున్నాయో వేలితో చూపిస్తే ఒక్కరికీ దొరకలేదు. లేజర్ వేయగానే ఆకుపచ్చ గీత నేరుగా వెళ్ళి ఆ గుంపుకి ఆనినట్టు కనబడింది. పిల్లల ముఖాలు చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అందుకే మీ కోరిక నాకు బాగా అర్థమైంది.

సోమవారం అదే లేజర్ తరగతికి తెచ్చాను. గోడ మీద వెలుగు పడే చోటు గుర్తుండాలని నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, లేజర్‌ని పుస్తకాల దొంతర మీద పెట్టి, బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి, "సార్, ఏదో కాలుతున్న వాసన" అంది. స్విచ్‌బోర్డేమోనని అటు వెళ్ళి చూశాను. ఏమీ లేదు. వెనక్కి తిరిగితే టేపు మీదనుంచి సన్నగా పొగ వస్తోంది. ఆపి, టేపు పీకి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే సూది దూరేంత బొక్క, చుట్టూ అంచు ముడుచుకుని ఉంది. 5 మిల్లీవాట్ల వెలుగు ఆ టేపుని అలా కాల్చదు. రెండు రోజుల ముందు అదే లేజర్‌తో నలభైమంది పిల్లల మధ్య నిలబడ్డానన్న ఆలోచన రాగానే నా కాళ్ళు వణికాయి.

మా బామ్మర్ది ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్. ఆదివారం వాళ్ళ ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ లేజర్ పవర్ మీటర్ ఉంది. వెలుగు పడటానికని దాని ముందువైపు రూపాయి బిళ్ళంత నల్లటి పలక ఉంటుంది. పడ్డ వెలుగంతా వేడిగా మారుతుంది, ఆ వేడిని బట్టి మీటర్ అంకె చూపిస్తుంది. ఏ రంగు వెలుగైనా దానికి ఒకటే. ఎంత సున్నితమంటే, నేను చెయ్యి దగ్గరికి పెడితేనే అంకె కదిలింది. "బావా, నువ్వు జర దూరం జరుగు" అన్నాడు.

ముందు నా కీచెయిన్ ఎర్ర లేజర్ పెట్టాం. జాతరలో పిల్లలకు కొనిపెట్టేవి ఉంటాయి చూడండి, మూడు బటన్ సెల్స్‌తో నడిచేవి, అదే. అంకె మూడు మిల్లీవాట్ల దగ్గర నిలబడింది. తర్వాత గ్రీన్ పెట్టాం. 20 దాటింది, 30 దాటింది, నిదానంగా ఎక్కుతూ 48 దగ్గర ఆగింది. మళ్ళీ 40కి దిగి, మళ్ళీ ఎక్కింది. మావాడు స్టిక్కర్ వైపు చూశాడు, మీటర్ వైపు చూశాడు. "ఎంతకు కొన్నవ్ బావా దీన్ని?" అన్నాడు. చెప్పాను. "దీన్ని పిల్లల దగ్గర పెట్టకు" అన్నాడు, అంతే.

అసలు సంగతి అప్పటికింకా అయిపోలేదు. ఆకుపచ్చని పోనిచ్చి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజుపలక ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాడు. అంకె 30కి పడిపోయింది. ఆ గాజు ఆకుపచ్చనీ రవ్వంత తింటుంది, ఆ లెక్క తీసేసినా దాదాపు పది మిల్లీవాట్లు ఆ గొట్టంలోంచి కనబడకుండా వస్తోందన్నమాట.

ఇలా ఎందుకంటే ఈ పెన్నుల్లో ఆకుపచ్చ వెలుగు నేరుగా పుట్టదు. లోపల 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్ ఒకటి ఉంటుంది. అది ఒక చిన్న స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది, అదీ ఇన్‌ఫ్రారెడ్డే. ఇంకో స్ఫటికం దాన్ని సగం చేసి 532 ఇస్తుంది, అదే మనకు కనబడే ఆకుపచ్చ. ముందున్న రెండూ బయటికి రాకుండా చివర ఒక ఫిల్టర్ పెట్టాలి. చవకవాటిలో ఖర్చు తగ్గించడానికి మొదట తీసేసేది దాన్నే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళు 2010లో 15 డాలర్ల గ్రీన్ పాయింటర్ ఒకదాన్ని పరీక్షించారు. చూడటానికి దాని ఆకుపచ్చ మసకగానే ఉంది, ఇన్‌ఫ్రారెడ్ మాత్రం 20 మిల్లీవాట్ల దాకా వచ్చింది. వెలుగు తక్కువగా ఉందని పిల్లవాడు ఇంకాస్త దగ్గరికి పెట్టుకుని చూస్తాడు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

2013లో వాళ్ళే 122 పాయింటర్లు కొలిచారు. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి నిబంధనలకు తగ్గట్టు లేవు. అంత గట్టి చట్టాలున్న దేశంలోనే ఇలా ఉంటే మన గల్లీల్లో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. స్టిక్కర్ కొలిచి అంటించింది కాదు, కట్టలుగా అచ్చువేసి అంటించింది. ఇదే గొట్టానికి 1000 మిల్లీవాట్లని అంటించి అమ్మేవాళ్ళనూ చూశాను. ఎక్కువ పవర్ కావాలన్నవాడికి ఆ స్టిక్కరు, భయపడేవాడికి ఈ స్టిక్కరు.

ఇక ఇంట్లో ఎలా తెలుసుకోవాలి అన్నారు. కళ్ళతో చూసి మాత్రం కాదు. మన కంటికి అన్ని రంగులూ ఒకేలా ఆనవు. ఒకే పవర్ ఉన్న 650 నానోమీటర్ల ఎరుపు కంటే 532 ఆకుపచ్చ ఎనిమిది రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది. 405 వంగపండు రంగు లేజర్ అయితే అంతే పవర్ ఉన్నా మినుకుమినుకుమన్నట్టే ఉంటుంది. కాబట్టి "బాగా వెలుగుతోంది", "డల్‌గా ఉంది" అనే రివ్యూలు చదివి ప్రయోజనం లేదు. మీటర్ లేనివాడికి నేను చెప్పేది ఒకటే: బ్యాటరీ చూడండి. బొటనవేలంత లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రీఛార్జబుల్ సెల్ వేసేదైతే, దాని మీద 5 అని రాసి ఉంటే అది అబద్ధం. 5 మిల్లీవాట్లకు అంత సెల్ ఎవడూ పెట్టడు. బటన్ సెల్స్ నుంచి పెద్ద కరెంటు లాగడం కుదరదు, అందుకే వాటితో నడిచే ఎర్ర కీచెయిన్ హద్దులో ఉండే అవకాశం ఎక్కువ. దాన్నైనా కంట్లోకి కొట్టనివ్వకూడదు.

ఒక మిల్లీవాట్ లోపు కనబడే వెలుగైతే పావు సెకనులో రెప్ప పడి కంటిని కాపాడుతుందని లెక్క. 5 దాకా జాగ్రత్తగా వాడుకోవచ్చు. 5 దాటి 500 దాకా ఉన్నవి లేజర్ల ప్రమాదాన్ని బట్టి చేసిన తరగతుల్లో 3బీ, ఆ వెలుగు నేరుగా పడితే రెప్ప పడేలోపే కన్ను పోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌కైతే రెప్పే పడదు, కనబడదు కదా. కంటి లోపల బొమ్మ పడే పొర రెటీనా, దానికి నొప్పి తెలియదు. కాలినట్టు పిల్లవాడికి తెలియనే తెలియదు, చదువుతుంటే అక్షరం మధ్యలో మచ్చ అడ్డమొచ్చినప్పుడు గానీ ఇంట్లో చెప్పడు. కొన్నిటితో ఫ్రీగా ఇచ్చే రంగు ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఆకుపచ్చని ఆపినా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపుతాయన్న భరోసా లేదు. అవి పెట్టుకుంటే ధైర్యం ఒకటే పెరుగుతుంది.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. మా వైపు ఊళ్ళలో కోతుల బెడద మామూలుగా లేదు. పెంకులు పీకుతాయి, చేలో మక్క కంకులు విరుస్తాయి. దానికి ఈ మధ్య ప్రతివాడూ గ్రీన్ లేజర్ కొంటున్నాడు. మా వీధిలోనే ముగ్గురి దగ్గర ఉన్నాయి. కోతి ఉరుకుతుంది, నిజమే. కోతి వెనకాల ఎదురింటి డాబా ఉంటుంది, డాబా మీద బట్టలు ఆరేసే ఆడవాళ్ళుంటారు, స్టీలు బిందె మీద పడ్డ వెలుగు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. నేను వెళ్ళి చెబితే "సార్, ఏం కాదు సార్" అన్నారు. టేపు ముక్క చూపించాక ఒకాయన మానేశాడు. మిగతా ఇద్దరితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

బరాత్‌లలో, వినాయకుడి ఊరేగింపుల్లో డీజే బండి మీద పెట్టే లేజర్లు మరీ ఘోరం. 2023లో నాసిక్‌లో నిమజ్జనం ఊరేగింపు చూసిన కుర్రాళ్ళకు రెటీనా దెబ్బతిందని వార్తలొచ్చాయి. పెళ్ళికి లక్షలు పెట్టేవాళ్ళు ఆ లైట్లను జనం తలల మీదుగా పైకి తిప్పమని ఒక్క మాట చెప్పలేరా? మొన్న మా బంధువుల పెళ్ళిలో నేనే వెళ్ళి తిప్పించాను. డీజే అబ్బాయి విసుక్కున్నాడు గానీ తిప్పాడు.

నక్షత్రాల సంగతికి వస్తే, ఎర్ర లేజర్ గీత ఆకాశంలో కనబడదు, ఒప్పుకుంటాను. అందుకని నేను ఇప్పుడు పిల్లవాడి వెనక నిలబడి, వాడి భుజం మీదుగా నా చెయ్యి చాపి, వాడి కన్ను నా వేలి వరసలోకి వచ్చేలా చూపిస్తున్నాను. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. పైగా ఆకాశంలోకి వేసిన గ్రీన్ లేజర్ వెలుగు మీటరుకు ఒక మిల్లీమీటర్ చొప్పున వెడల్పు అవుతుంది, కిలోమీటర్ పోయేసరికి మీటర్ వెడల్పు. దిగుతున్న విమానం కాక్‌పిట్ నిండిపోవడానికి అది చాలు.

ఎరుపుదైనా మీ అబ్బాయి చేతికిచ్చి ఊరుకోకండి, మీరూ పక్కన కూర్చుని ఈ పని చేయించండి. ఒక వెంట్రుకని అట్టముక్కకు కోసిన కిటికీలో నిలువుగా అంటించి, లేజర్ దాని మీద పడేలా పెట్టి, మూడు మీటర్ల దూరంలో గోడ మీద చూడండి. గది చీకటి చెయ్యాలి. మధ్య చుక్కకు రెండు పక్కలా వెలుగు గీతలు, నడుమ చీకట్లు వస్తాయి. పోయినేడు తొమ్మిదో తరగతి అమ్మాయి తన జడలోంచి వెంట్రుక తీసి ఇలాగే కొలిచింది. మధ్య నుంచి మొదటి చీకటి దాకా 2.8 సెంటీమీటర్లు వచ్చింది. 650 నానోమీటర్లను మూడు మీటర్లతో గుణించి ఆ 2.8తో భాగిస్తే 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్లో వందకు ఏడు వంతులు. పక్కనున్న పిల్లలందరూ వెంట్రుకలు పీక్కోవడం మొదలుపెట్టారు, ఎవరిది లావో తేలాలని. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.