'1958 నాటి ఫోటో' అనొచ్చా?

సందేహం: మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. మా మామగారు ఇంటి ముందర అంబాసిడర్ కారు బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంటారు. వెనక తేదీ లేదు. అంబాసిడర్ 1958లో వచ్చింది కాబట్టి మా అబ్బాయి ఆల్బంలో 'సుమారు 1958 ప్రాంతం నాటి ఫోటో' అని రాశాడు. సంవత్సరానికి 'నాటి' చేర్చవచ్చా? మామగారు 1971లో పోయారు. అత్తగారు ఆ కారును 'ప్లెజరు' అనేవారు, 'ప్లెజరు తోలతారు' అనేవారు. ఇవి సరైన మాటలేనా? ఫోటో కాపీ జత చేశాను. – ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, 'సుమారు' అన్నాక మళ్లీ 'ప్రాంతం' ఎందుకు? ఒకటి చాలదా? పేపర్లు, టీవీలు ఈ జంటను రోజూ ఊరేగిస్తుంటే పిల్లలను అని ఏం లాభం!

ఇక 'నాటి'. దీనికి మూలమైన 'నాడు' అంటే రోజు. అరవంలో 'నాళ్'. చిత్తూరు వాళ్లకు నేను అరవం నేర్పనక్కర్లేదు. మన తిరునాళ్లలో ఉన్నది ఆ నాళ్లే. 'తిర్నాల' అని నలిపేశాక అందులో ఒక రోజు దాక్కుని ఉందన్న సంగతి మరిచిపోయాం. పాకనాడు, వెలనాడులోని 'నాడు' వేరు, అది దేశం.

మరి సంవత్సరానికో? 'ఏడు' ఉంది, 'ఏటి' ఉంది. తిరుపతిలో కూర్చుని ఈ మాట ఎత్తాక తాళ్లపాక వారి రాగిరేకుల జోలికి పోకుండా ఉండటం నా వల్ల కాదు. అన్నమయ్య సంకీర్తనల రేకు మొదట్లోనే 'శకవర్షంబులు 1346 అగునేటి క్రోధి సంవత్సరమందు' అని ఉంటుంది. పదహారేళ్ల వయసులో ఆయనకు స్వామి ప్రత్యక్షమైన సంవత్సరం అది. అక్కడి నుంచి శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా లెక్క చెబుతుంది. మన లెక్కలో 1424 నుంచి 1503. (శకం 1424 వేరు, క్రీస్తుశకం 1424 వేరు. ఇక్కడ బోల్తా పడేవాళ్లు ఎక్కువ.) చూశారా, ఏడాదికి 'అగునేటి' అన్నారు, 'నాటి' అనలేదు. ఇంకో సంగతి. 1503 నాటి తిథి అందులో ఉంది కాబట్టి ఆ వాక్యం అంతకు ముందు చెక్కింది కాదు. ఎంత తర్వాత చెక్కారో మాత్రం ఆ తిథి చెప్పదు.

మీ కారు కూడా అంతే చెబుతుంది. బండి బజారులోకి వచ్చిన ఏడాదే ఫోటో తీశారని ఎక్కడుంది? హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్‌ను 2014 దాకా తయారు చేశారు. పైగా మీరు పంపిన కాపీలో కారు ముందరి గ్రిల్లు సన్న గళ్లతో ఉంది. అది మార్క్-2, 1962లో వచ్చిన మార్పు. కాబట్టి 1958 అసలు కుదరదు. మామగారు పోయిన ఏడాది మీరే చెప్పారు. '1962–71 మధ్య తీసిన ఫోటో' అని రాయించండి. తిరుమల కొండ మీద కారు ఉన్న ఫోటో దొరికినా ఇదే పద్ధతి: ఘాట్ రోడ్డు పడింది 1944లో, అంతకు ముందుది కాదు. డోలీ కనిపించిందని మాత్రం 1944కు ముందుదని తేల్చెయ్యకండి, రోడ్డు పడగానే డోలీలు మాయం కాలేదు.

ఇంతకీ '1958 నాటి' తప్పా? కొట్టెయ్యలేను. 'నాడు' రోజును దాటి 'కాలం' అన్న అర్థానికి ఎప్పుడో పాకింది, పైన నేనూ వాడాను. కానీ ఫలానా సంవత్సరమని ఖాయంగా తెలిస్తే 'ఏటి' అనడం నాకిష్టం. '1962 నాటికి' అని మాత్రం రాయనివ్వకండి. అది 'ఆ లోపల' అని అర్థమిస్తుంది, మీ కారు చెప్పేదానికి పూర్తిగా తలకిందులు.

ప్లెజరు అంటే బాడుగకు తిప్పని సొంత కారు. ఇంగ్లీషు నుంచి వచ్చింది, అరవంలోనూ ఉంది. 'తోలడం'లో తప్పేమీ లేదు, ఎద్దులను తోలిన నోటితోనే మనవాళ్లు కారునూ తోలారు. 'డ్రైవ్ చేయడం' కన్నా నయం.