స్కార్పియో వెనక జనరేటర్ కట్టేముందు

చిరంజీవి చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు 15 కేవీఏ జనరేటర్ అమ్మేసి 62.5 కేవీఏది కొంటున్నావట. కొత్త ట్రాలీ విజయవాడ ఆటోనగర్‌లో చేయిస్తున్నావట. దాన్ని మీ నాన్న స్కార్పియోకే కట్టి తిప్పుతావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

సంతోషంగానే ఉందిరా. మీ నాన్న పోయాక మన ఇంట్లో ఈ పని ఇంకెవరూ చెయ్యరనుకున్నాను. నువ్వు చిన్న జనరేటర్‌తో మొదలుపెట్టి, కానూరు, పోరంకి ఫంక్షన్ హాళ్ల వాళ్లు పేరు పెట్టి పిలిచేదాకా తెచ్చావు. ఇప్పుడు పెద్దదానికి ఎదిగావు. మీ నాన్న ఉంటే వీధంతా చెప్పుకునేవాడు. కానీ తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టించింది మాత్రం ఆ సంతోషం కాదు, భయం. నేను ఫోన్లో చెబితే నువ్వు "సరే పెదనాన్నా, సరే" అంటావు. అందుకని రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. 15 కేవీఏ వెనక ఉందో లేదో కూడా నీకు తెలిసేది కాదు. 62.5 అలా కాదు. చప్పుడు రాకుండా చుట్టూ కప్పే ఇనుప పెట్టె, అదే కెనోపీతో కలిపి టన్నున్నర చుట్టూ తూగుతుంది. ట్రాలీ ఇనుము, కేబుల్ కట్టలు, నిండు డీజిల్ కలిస్తే రెండు టన్నులు. స్కార్పియో ఖాళీ బరువే అంత లేదు. అంటే వెనక ఉన్నది ముందున్న దానికంటే బరువు. లాగడానికి ఇంజిన్ సరిపోతుంది, అందులో నాకు అనుమానం లేదు. 120 హార్స్‌పవర్ బండి అది. నా అనుమానమంతా ఆపడం గురించే.

అందుకే కొనకముందు ఒక పని చెయ్యి. బండి కాగితాలూ, మాన్యువలూ తీసి, లాగే బరువు గురించి కంపెనీ ఏం రాసిందో చూడు. అమ్మేవాడిని అడిగి జనరేటర్ ప్లేటు మీద ఉన్న బరువు రాసుకో. ట్రాలీ తయారవగానే ఖాళీగా ఒకసారి, అంతా ఎక్కించాక ఒకసారి వేబ్రిడ్జి మీదికి ఎక్కించు. మిర్చి సీజన్‌లో మా గుంటూరు యార్డు చుట్టుపక్కల కాటాల దగ్గర లారీల వరస ఉంటుంది, మీ వైపే చూసుకో. లెక్క కుదరకపోతే 40 కేవీఏ దగ్గర ఆగు. పెద్దది కావాల్సిన రోజు డీసీఎం లాంటి చిన్న లారీ కిరాయికి మాట్లాడుకో. ఆ కిరాయి దండగ అనుకోకు. ఇందులో నా మాట వినకపోతే నిజంగా కోపం వస్తుంది.

ఇక బండి పనులు. చాలావరకు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. రేడియేటర్ విప్పించి లోపల శుభ్రం చేయించు, పాత హోస్ పైపులు మార్చు, కూలెంట్ కొత్తది పోయించు. రోహిణి కార్తె ఎండలో రెండు టన్నులు లాగితే పాత రేడియేటర్ తట్టుకోదు. క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవద్దు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా అప్పుడే మార్చు. బ్రేక్ ఆయిల్ పూర్తిగా తీయించి కొత్తది పోయించు. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, వేడెక్కితే ఆవిరి పట్టి పెడల్ అడుగు దాకా దిగిపోతుంది. టైర్ల పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ట్రాలీకి సెకండ్ హ్యాండ్ టైర్లు వేస్తామంటే ఒప్పుకోకు.

ట్రాలీ తగిలించే హుక్ బంపర్‌కి వెయ్యరాదు. చాసిస్ రెండు పట్టాలకీ ప్లేట్లు వేసి, హైటెన్సిల్ బోల్టులతో బిగించాలి. కింద రెండు గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వెయ్యి. హుక్ ఊడినా ట్రాలీ ముక్కు ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డుని పొడవదు. లైట్ల వైర్లకి ఏడు పిన్నుల ప్లగ్గు పెట్టించు.

స్ప్రింగుల గురించి కాస్త చెప్పాలి. వెనక దిగిపోతోందని గట్టి స్ప్రింగులు వేయమనో, స్ప్రింగు లోపల ఎయిర్ బ్యాగులు పెట్టమనో ఎవరో ఒకరు చెబుతారు. పెట్టించు, తప్పులేదు. కానీ బండి వెనక ఎత్తుగా నిలబడింది కదా అని బరువు పెంచకు. స్ప్రింగు మారినా ఇరుసు అదే, బ్రేకులు అవే, చాసిస్ అదే. పాత జీపుకి స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు ఒకటికి రెండు వేసుకుని మేమూ అలాగే అనుకున్నాం.

ట్రాలీకి దాని బ్రేకులు దానికి ఉండాలి. ఇది అడగడం కాదు, చెప్పడం. ఖర్చు తగ్గుతుందని ఉత్త ఇరుసు వేసి ఇచ్చేస్తారు, ఒప్పుకోకు. నువ్వు బండి వేగం తగ్గించినప్పుడు ట్రాలీ వెనక నుంచి నెట్టుకొస్తుంది కదా, ఆ నెట్టుడుకే ముందు రాడ్డు లోపలికి జరిగి ట్రాలీ చక్రాల బ్రేకులు పట్టే ఏర్పాటు ఉంది. అది చేయించు. రివర్స్ చేసేటప్పుడు ఆ బ్రేకులు పట్టకుండా లాక్ కూడా పెట్టించుకో.

ఇప్పుడు అసలు సంగతి.

సంక్రాంతికి మనింటికి వచ్చే బాబాయి, కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తాడే, ఆయన గురించి చిన్నప్పుడు నువ్వు అడిగితే తాటిచెట్టు మీంచి పడ్డాడని చెప్పాం. అబద్ధంరా. నేనూ మీ నాన్నా కలిసి చెప్పిన అబద్ధం.

1996 శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టిన ఒక ఊరివాళ్లు మన 25 కేవీఏ జనరేటర్ మాట్లాడుకున్నారు. ప్రభంటే కొండకి మొక్కుగా తీసుకెళ్లే ఎత్తైన చట్రం. ఎనభై తొంభై అడుగులది, ఒళ్లంతా సీరియల్ బల్బులు. రాత్రంతా కరెంటు మనదే. అప్పట్లో మనది మహీంద్రా జీపు, ట్రాలీకి బ్రేకుల్లేవు. వెళ్లేటప్పుడు ట్రాలీ ముందు వైపు వంద లీటర్ల డీజిల్ డ్రమ్ము నిండుగా పెట్టాను. వెనక కేబుళ్లు, లైట్లు. బండి పట్టాల మీద రైలులా సాఫీగా వెళ్లింది. నా సర్దుబాటు అంత బాగుందని మీ నాన్నతో గొప్పగా చెప్పాను కూడా.

తెల్లారేసరికి డ్రమ్ము ఖాళీ. వంద లీటర్ల డీజిలంటే ఎనభై కేజీల పైమాట. అదంతా ముందు వైపు నుంచి మాయమైపోయింది. వెనక కేబుళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా రాత్రంతా నిద్ర లేదు, తొందరలో ఫోకస్ లైట్ల స్టాండ్లు కూడా చివర్లోనే పడేశాం. హుక్ మీద బరువు ఉందా, లేక ట్రాలీ ముక్కు పైకి లేస్తోందా అని నేను చూడలేదు. వచ్చేటప్పుడు బాగుంది కదా, పోయేటప్పుడూ బాగుంటుందనుకున్నాను. బయల్దేరేటప్పుడు ఆ బాబాయే, అప్పుడు పంతొమ్మిదేళ్ల కుర్రాడు, కేబుల్ కట్టల మీద ఎక్కి పడుకున్నాడు. "అన్నా, ఇక్కడ నిద్ర బాగా పడుతుంది" అన్నాడు. సరే అన్నాను. ఆ సరే అన్నది నేనే. వాడి బరువు కూడా వెనకే చేరింది.

చిలకలూరిపేట వచ్చి హైవే ఎక్కాం. అప్పుడది రెండు వరసల రోడ్డు. యడ్లపాడు దాటాక ఒక వాగు వంతెన దిగుతుంటే జీపు తనంతట తనే వేగం అందుకుంది. ఎదురుగా ఒక లారీ మమ్మల్ని రాసుకున్నట్టు వెళ్లింది. ఆ గాలికి ట్రాలీ ఒకసారి ఎడమకి ఊగింది, మళ్లీ కుడికి ఊగింది. రెండోసారి ఇంకా ఎక్కువ. మూడోసారికి స్టీరింగ్ నా చేతిలో లేదు. నేను చెయ్యకూడనిదే చేశాను. బ్రేక్ మీద కాలు పెట్టి గట్టిగా తొక్కాను. జీపు ఆగబోయింది, ట్రాలీ ఆగలేదు. జీపుని పక్కకి తోసేసి, అది తిరగబడి రోడ్డు పక్క గుంటలో పడింది.

మీ నాన్న తలుపు తెరుచుకుని దూకి, నాకంటే ముందు పరిగెత్తాడు. ఆ కుర్రాడి కాలు ట్రాలీ చట్రం కింద ఉంది. మీ నాన్నకి అప్పుడు ఇరవై రెండు. ఒక్కడే భుజం పెట్టి ఎత్తబోయాడు. ఎత్తలేక ఏడ్చాడు. పొలానికి పోతున్న రైతులు వచ్చి లేపారు. గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో వాడి తల్లి నా మొహం చూసి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత వాడి వైద్యం, చెల్లెలి పెళ్లి మేం చూసుకున్నాం. కాలు మాత్రం మళ్లీ మునుపటిలా కాలేదు.

నీకు ఎనిమిదేళ్లప్పుడు ఆడుకుంటూ ఇంటి ముందు ఆగి ఉన్న ట్రాలీ ఎక్కావు. మీ నాన్న వచ్చి చెంప మీద కొట్టాడు. రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు నువ్వు. ఆగి ఉన్న ట్రాలీ ఎక్కితే కొట్టడమేంటని మీ అమ్మ కూడా గొడవ పడింది. ఆ చెంపదెబ్బ నీకు కాదురా, యడ్లపాడు దగ్గర నాకు పడాల్సింది.

నువ్వు కొనే జనరేటర్ ట్యాంకు ఎక్కడుందో చూడు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి ట్రాలీ ముక్కు బరువు తూచు. అక్కడేమీ పెద్ద విద్య లేదు. బియ్యం కొట్లో ప్లాట్‌ఫాం కాటా ఉంటుంది కదా, చదునైన చోట దాని మీద ట్రాలీ ముక్కు హుక్ ఎత్తులోనే ఆనించి చూడు. మొత్తం ట్రాలీ బరువులో పదో వంతు కంటే తగ్గకూడదు, పదిహేను శాతం దాటకూడదు. తగ్గితే నాకు జరిగినట్టు వెనక ఊగుతుంది. ఎక్కువైతే బండి ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ఎన్ని కేజీలు ఉండాలో ట్రాలీ మీదే పెయింటుతో రాయించు. కేబుల్ పెట్టె ఇరుసుకి ముందే ఉండాలని ఫ్యాబ్రికేషన్ వాళ్లకి ఇప్పుడే చెప్పు. తర్వాత మార్చడం కష్టం.

ఎప్పుడైనా ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి. స్టీరింగ్ నిటారుగా పట్టుకో, ఊగినవైపు తిప్పి సర్దబోకు, బ్రేక్ జోలికి పోకు. వేగం తగ్గాక దానంతట అదే సర్దుకుంటుంది. అప్పుడు పక్కకి ఆపి సామాను మార్చు. వంతెన దిగేటప్పుడు, ఫ్లైఓవర్ దిగేటప్పుడు పైనే గేరు తగ్గించుకో, సగం దిగాక కాదు. వారధి మీదుగా గుంటూరు వైపు వస్తే కాజ టోల్ గేటు దాటాక ఒకసారి ఆగు. ట్రాలీ చక్రాల మధ్యనుండే హబ్బుల దగ్గర చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూడు. ఒకటి మిగతా వాటికంటే కాలుతుంటే బేరింగు గానీ బ్రేకు గానీ పట్టేసిందన్నమాట.

కాగితాల సంగతి మర్చిపోకు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. కిరాయి పనికి లాగుతున్నావు కాబట్టి ఏ తరగతి కిందికి వస్తుందో ఆర్టీఏ ఆఫీసులో ముందే అడుగు. ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద రాసివ్వు. బండి 2012ది, 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. మళ్లీ రిజిస్ట్రేషన్‌కి తనిఖీ ఉంటుంది. ఇంత డబ్బు దాని మీద పెట్టేముందు అదీ ఆలోచించు. మీ నాన్న బండి అని వదల్లేకపోతున్నావని నాకు తెలుసు. నేనూ ఆ సీటు మీద చెయ్యి వేస్తే తమ్ముడు గుర్తొస్తాడు. కానీ చాసిస్‌కి ఎక్కడైనా తుప్పు పట్టి ఉంటే మాత్రం ఆ బండితో బరువు లాగకు. ఇంట్లో ఉంచుకుందాం, అమ్మనక్కర్లేదు.

హెల్పర్లని నీ పక్కనో, వెనక సీట్లోనో కూర్చోబెట్టు. చోటు లేకపోతే ఆటోకి డబ్బులివ్వు. ట్రాలీ మీద మాత్రం ఎవరూ వద్దు. పది అడుగులు జరపడానికి కూడా వద్దు.

ట్రాలీ తయారయ్యాక ఒక ఆదివారం ఎండెక్కకముందే అంతా ఎక్కించుకుని గుంటూరు రా. నేను నీ ఎడమ పక్క సీట్లో కూర్చుంటాను. యడ్లపాడు దాకా వెళ్లొద్దాం. ఇప్పుడది ఆరు వరసల రోడ్డు, గుర్తుపట్టడం కష్టమే, కానీ ఆ చోటు నాకు తెలుసు. బాబాయికి కూడా ఫోన్ చేసి చెప్పాను. వస్తానన్నాడు. వెనక సీట్లో ఆయనకి కాలు చాపుకోవడానికి చోటు ఉంచు.

మీ
పెదనాన్న