పార్సిల్ రామెన్ ముద్దవకుండా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దగ్గర్లోని రెస్టారెంట్‌లో కూర్చుని తింటే అద్భుతంగా ఉండే రామెన్ (వేడి సూప్‌లో వేసిచ్చే జపాన్ నూడుల్స్), పార్సిల్ తెచ్చుకుంటే ముద్దైపోతోంది. సూప్ కూడా సగానికి తగ్గుతోంది. వాళ్లు తక్కువ పోస్తున్నారా?

జవాబు: తక్కువ పోయడం లేదు. ఆ సూప్‌ని నూడుల్స్ తాగేశాయి. ఉడికిన నూడుల్స్ వేడి సూప్‌లో ఉన్నంతసేపూ నీటిని పీల్చుకుని ఉబ్బుతూనే ఉంటాయి. రామెన్ పిండిలో కాన్సుయ్ అనే క్షారం కలుపుతారు. అందులో ఉండేవి ముఖ్యంగా సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్. నూడుల్స్‌కి ఆ లేత పసుపు రంగు, పంటికి తగిలే బిగువు దానివల్లే వస్తాయి. అయితే సూప్‌లో నానుతుంటే ఆ బిగువు కొద్ది నిమిషాలే నిలుస్తుంది.

కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే రెండు మాటలు చెప్పండి. సూప్, నూడుల్స్ వేర్వేరు డబ్బాల్లో కట్టమనండి. నూడుల్స్‌ని కాస్త పలుకుగా ఉండగానే దించమనండి. జపాన్ పద్ధతి తెలిసిన చోట ‘కతామె’ అంటే చాలు, అర్థమవుతుంది. పచ్చి నూడుల్స్ ఇస్తామంటే ఇంకా మంచిది. సన్నవైతే ఒకటి రెండు నిమిషాల్లో, లావువైతే మూడు నాలుగు నిమిషాల్లో ఉడుకుతాయి. వాటిని సూప్‌లో మాత్రం ఉడికించొద్దు. పిండి, క్షారం దిగి సూప్ చిక్కబడి రుచి చెడుతుంది. విడిగా ఎక్కువ నీళ్లు మరిగించి అందులో వేయండి.

ఏ రకం తెచ్చుకుంటున్నారన్నదీ ముఖ్యమే. జపాన్‌లోని హకాటా తరహా టొంకొట్సులో, అంటే పంది ఎముకల సూప్‌తో చేసే రామెన్‌లో, నూడుల్స్ సన్నగా ఉంటాయి, పిండిలో నీళ్లు తక్కువ. అవి అన్నిటికన్నా త్వరగా మెత్తబడతాయి. అక్కడి సప్పొరో నగరం తరహా మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రామెన్‌లో వాడే లావుపాటి, వంకీల నూడుల్స్ ఎక్కువసేపు తట్టుకుంటాయి. ఇంటికి చేరడానికి అరగంట పట్టేట్టయితే మేం సుకెమెన్‌కే ఓటేస్తాం. అందులో ఉడికిన నూడుల్స్‌ని చన్నీళ్లలో కడిగి, చిక్కటి సూప్ పక్కన పెట్టి, ముంచుకు తింటారు. టోక్యోలోని తైషోకెన్ రెస్టారెంట్‌లో యమగిషి కజువో 1955లో మెనూలో పెట్టిన వంటకం అది. పార్సిల్ కోసం పుట్టలేదు కానీ పార్సిల్‌కి అంతకన్నా నప్పేది లేదు. సూప్ లేకుండా కలుపుకుని తినే మజెసోబా కూడా బాగానే నిలుస్తుంది.

ఇంటికి రాగానే నూడుల్స్ డబ్బా మూత తీసేయండి. లోపలి ఆవిరికి అవి ఉడుకుతూనే ఉంటాయి. సూప్‌ని స్టవ్ మీద పెట్టి, తినబోయే గిన్నెలో వేడినీళ్లు పోసి ఉంచండి. చల్లటి గిన్నెలో పోస్తే సూప్ వేడి అక్కడే సగం పోతుంది. నూడుల్స్ గడ్డకట్టి ఉంటే చేత్తో లాగొద్దు, తెగిపోతాయి. మరిగే నీళ్లలో 20 నుంచి 30 సెకన్లు ఉంచి, చాప్‌స్టిక్స్‌తో విడదీసి, జల్లెడలో వేసి గట్టిగా విదిలించండి. ఈ విదిలించడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. నూడుల్స్‌కి అంటిన నీళ్లే సూప్‌ని చప్పగా చేస్తాయి. గిన్నెలో నీళ్లు పారబోసి ముందు సూప్, తర్వాత నూడుల్స్, ఆపైన మిగతావి వేసుకుని వెంటనే తినండి. నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) చివర్లో పెట్టండి, తడి తగిలితే సాగిపోతుంది.

ప్రశ్న: సూప్‌తో పాటు చిన్న కప్పులో నల్లటి రసం ఇచ్చారు. అదేమిటి, ఎంత వేయాలి?

జవాబు: అది తారె. రామెన్‌కి ఉప్పదనం ఇచ్చేది అదే. సోయా సాస్‌తో చేస్తే షోయు, ఉప్పుతో చేస్తే షియో, మిసోతో చేస్తే మిసో రామెన్ అవుతుంది. ఎముకల సూప్‌లో సాధారణంగా ఉప్పు దాదాపు ఉండదు. తారె గిన్నె అడుగున వేసి, పైనుంచి వేడి సూప్ పోయండి. 300 మి.లీ. సూప్‌కి 30 మి.లీ. చుట్టుపక్కల సరిపోతుంది. ముందు ముప్పావు వంతు వేసి రుచి చూడండి. అన్నీ కలిపి ఇచ్చిన సూప్‌ని ఎక్కువసేపు మరిగిస్తే నీరు ఇగిరి ఉప్పు తేలుతుంది. అప్పుడు రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోస్తే సర్దుకుంటుంది.

ప్రశ్న: గుడ్డు, మాంసం చల్లగా ఉన్నాయి. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా?

జవాబు: గుడ్డు వద్దు. మొత్తం గుడ్డు లోపల ఆవిరి పట్టి పేలొచ్చు. పేలకపోయినా జారుగా ఉండాల్సిన సొన గట్టిపడుతుంది. సగానికి కోసి వేడి సూప్‌లో ఒక నిమిషం ఉంచితే చాలు. చాషు (రామెన్ మీద వేసే పంది మాంసం) ముక్కల్ని పొడి పెనం మీద ఒక్కో వైపు అర నిమిషం కాల్చండి. కొవ్వు కరిగి కమ్మటి వాసన వస్తుంది.

ప్రశ్న: మిగిలిన టొంకొట్సు సూప్ ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జెల్లీలా అయింది. పాడైనట్టేనా?

జవాబు: పాడవలేదు, అది మంచి సూప్ లక్షణం. పంది ఎముకల్ని గంటల తరబడి మరిగిస్తే వాటిలోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారుతుంది. చల్లబడితే గడ్డకట్టి, వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. అసలు చూడాల్సింది అది బయట ఎంతసేపు ఉందన్నది. రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి, తినేముందు బాగా మరగనివ్వాలి. మిసో రామెన్ సూప్‌నీ ఒకసారి పొంగు రానిచ్చి దించేయండి, ఎక్కువసేపు మరిగితే మిసో వాసన పోతుంది. నూడుల్స్‌ని మాత్రం సూప్‌లో వదిలి దాచొద్దు.

ప్రశ్న: శాకాహారులం. మాంసం ముక్కలు తీసేసి ఇవ్వమంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కూరగాయలే కనిపించే మిసో రామెన్‌కి కూడా అడుగున కోడి లేదా పంది ఎముకల సూప్ ఉండటం మామూలు. దాషి అనే పలచటి జపాన్ రసంలో ఎండబెట్టిన బొనిటో చేప తురుము గానీ చిన్న ఎండు చేపలు గానీ పడతాయి. పైన వేసే సువాసన నూనె కొన్నిచోట్ల పంది కొవ్వే. సూప్, తారె, నూనె ఈ మూడింటి గురించీ విడివిడిగా అడగండి. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో చేసిన సూప్ ఉంటే అది తీసుకోండి. గుడ్డు తిననివాళ్లు నూడుల్స్‌లో గుడ్డు కలిపారా అని కూడా అడగాలి. పసుపు రంగు చూసి తేల్చలేరు, ఆ రంగు కాన్సుయ్‌దీ కావచ్చు.